ఆ డబ్బు ఏ నెలలో చేరిందో అడగండి: తెలుగు ఎంపీలకు ఒక ల్యాబ్ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం.

ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభలో 25 మంది, రాజ్యసభలో 11 మంది. తెలంగాణ నుంచి 17 మంది, 7 మంది. అందరూ కలిసి అరవై మంది ఉన్నారు. మీలో ఎవరిది ఏ పార్టీ అన్నది ఈ ఉత్తరానికి అక్కర్లేదు. ల్యాబులకు మంజూరైన పరిశోధన డబ్బు వేళకు చేరుతోందా అని సభలో ఒకే ఒక్క ప్రశ్న అడగమని కోరడానికి రాస్తున్నాను. ఆ ప్రశ్న చివర్లో ఉంది. అది ఎక్కణ్నుంచి పుట్టిందో ముందు చెప్పనివ్వండి.

నేను హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి బి12 విటమిన్ చాలకపోతే, పుట్టిన బిడ్డకు నడివయసులో కాలేయానికి కొవ్వు పడుతుందా, షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుందా, పెరిగితే ఏ దారిలో పెరుగుతుంది అన్నది మా ల్యాబ్ వెతుకుతున్న విషయం. మన తిండిలో బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాల నుంచే వస్తుంది. పచ్చడి మెతుకులతో, చారు నీళ్లతో నెల గడిపే ఇళ్లలో అది లోపించడం మామూలే. సన్నగా ఉన్నవాళ్లకు కూడా షుగర్ వస్తోందని మీ నియోజకవర్గంలో ఏ పీహెచ్‌సీ డాక్టర్ని అడిగినా చెబుతారు. దాని వేర్లు కొంత తల్లి కడుపులోనే ఉన్నాయేమోనని మా అనుమానం.

మనుషుల్లో దీన్ని తేల్చాలంటే నలభై ఏళ్లు కాచుకోవాలి. అందుకే చిట్టెలుకల్లో చూస్తాం. చిట్టెలుక బతికేది రెండేళ్లు, మహా అయితే రెండున్నరేళ్లు. ముందు తల్లి ఎలుకకు రెండు నెలల పాటు బి12 తగ్గించిన మేత పెట్టాలి. తర్వాత జత కట్టించాలి. కడుపు మూడు వారాలు. పిల్లలు పుట్టాక వాటికి ఏడాది నిండితే నడివయసు వచ్చినట్టు. పద్దెనిమిది నెలలు దాటితే ముసలితనం. మేం చూడాల్సింది ఆ పద్దెనిమిదో నెలనే. అన్నీ కలిపితే దాదాపు రెండేళ్లు. గ్రాంటు మూడేళ్లు. మనుషుల్ని తీసుకోవడానికి, మేత తెప్పించడానికి, చివర్లో కాలేయాలు కోసి చూసి లెక్కలు కట్టడానికి కలిపి మిగిలేది ఏడాది. ఆ ఏడాదిలో ఎక్కడైనా ఆర్నెల్లు జారిపోతే ప్రయోగం ఉండదు. ఎలుకల్ని ఆగమని చెప్పలేం కదా.

కొన్నేళ్ల క్రితం మాకు అదే జరిగింది. ఆ ప్రాజెక్టుకు డబ్బిచ్చిన సంస్థ పేరు ఇక్కడ రాయను. అక్కడ ఫోన్ ఎత్తి మాట్లాడినవాళ్లు మర్యాదస్తులే, వాళ్ల చేతుల్లోనూ ఏమీ లేదు. మొదటి ఏడాది డబ్బు వచ్చింది. రెండో విడతకు కావాల్సిన కాగితాలు, అంటే యూసీ (ఇచ్చిన డబ్బు దేనికి వాడామో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్), ఖర్చుల పట్టిక, ప్రోగ్రెస్ రిపోర్టు, అన్నీ ఏప్రిల్‌లోనే పంపాం. జూలైలో ఒక సందేహం అడిగారు, అదే రోజు జవాబిచ్చాం. సెప్టెంబరులో ఆ కాగితాలే మళ్లీ కొత్త ఫార్మాట్‌లో పంపమన్నారు. పంపాం. మా డైరెక్టర్ సంస్థ డబ్బులోంచి నాలుగు నెలలు సర్దారు. యానిమల్ హౌస్‌లో కేజ్‌కు రోజుకింత అని లెక్క ఉంటుంది. మేత బయటి దేశం నుంచి రావాలి, దాన్ని కోల్డ్ రూమ్‌లో దాచాలి. డిసెంబరు మొదటి వారంలో కోల్డ్ రూమ్‌లో ఒకటిన్నర సంచీ మిగిలింది.

అప్పటికి ఆ ఎలుకలకు పద్నాలుగు నెలలు. అరవై రెండు ఉన్నాయి. మామూలు మేతకు మారిస్తే ప్రయోగం అక్కడితో చెడిపోతుంది. అలాగే ఉంచితే వాటికి తిండి లేదు. ఒక గురువారం పొద్దున అన్నిటినీ చంపేశాం. ల్యాబ్ భాషలో దాన్ని శాక్రిఫైస్ అంటాం. వాటి బాగోగులు చూసే అటెండెంట్ అన్న ఊరు జనగామ దగ్గర పల్లె. పుట్టిన రోజు నుంచి ప్రతి కేజ్ ఆయనే మార్చాడు, ప్రతి గురువారం ఆయనే తూకం వేసి నోట్‌బుక్‌లో రాశాడు. తెల్ల గౌను తొడుక్కుంటూ, “ఇంకో నాలుగు నెలలే గదా మేడం” అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. అరవై రెండు కాలేయాలు చిన్న ట్యూబుల్లో, మూత మీద నల్ల మార్కర్‌తో నంబర్లు వేసి, మైనస్ 80 ఫ్రీజర్‌లో మూడో అరలో పెట్టాం. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ముసలితనంలో ఏమవుతుందన్న ప్రశ్నకు నడివయసు కాలేయం జవాబు చెప్పదు.

డబ్బు ఫిబ్రవరి 20 తర్వాత వచ్చింది. పూర్తిగా వచ్చింది, ఒక్క రూపాయి తగ్గలేదు.

ఈ ఫిబ్రవరి గురించి మీకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకు అర్థం కాని ముడి ఇక్కడే పడుతుంది. చాలా కేంద్ర గ్రాంటులు ఇప్పుడు జీరో బ్యాలెన్స్ ఖాతాల ద్వారా నడుస్తాయి. డబ్బు మా సంస్థ ఖాతాలో నిల్వ ఉండదు. ఖర్చు పెట్టేంతవరకు పరిమితి మాత్రం కనిపిస్తుంది. మార్చి 31 రాత్రికి ఖర్చు కానిది వెనక్కి పోతుంది. ప్రజల డబ్బు బ్యాంకుల్లో ఊరికే మూలగకూడదన్న ఉద్దేశం మంచిదే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఫిబ్రవరి చివర్లో వచ్చిన డబ్బుతో ఒక యాంటీబాడీ కొనాలంటే ఇండెంట్ పెట్టాలి, కొటేషన్లు తెప్పించాలి, ఒకే కంపెనీ తయారుచేసే సరుకైతే ఆ సంగతి ధ్రువీకరిస్తూ పీఏసీ అనే పత్రం రాయాలి, కమిటీ సంతకాలు కావాలి, ఆ తర్వాత సరుకు బయటి దేశం నుంచి డ్రై ఐస్‌లో రావాలి. ఆరు నుంచి పది వారాలు. బిల్లు ఏప్రిల్‌లో వస్తుంది. డబ్బు మార్చిలోనే వెళ్లిపోయింది. ఇక యూసీలో “ఖర్చు కాని మొత్తం” అన్న గడిలో పెద్ద అంకె కనిపిస్తుంది. మరుసటి ఏడాది విడత ఇచ్చేటప్పుడు ఆ అంకె చూసి, వీళ్లకు పోయినసారిదే ఖర్చు కాలేదు కదా అని తగ్గిస్తారు. ఆలస్యం వాళ్లది, శిక్ష మాకు పడుతుంది. కాగితం మీద చూస్తే మాత్రం అందరూ రూలు ప్రకారమే నడిచినట్టు ఉంటుంది.

మార్చి నెలలో ఏ ప్రభుత్వ ల్యాబ్‌కైనా రండి, కారిడార్లలో అట్టపెట్టెలు కనిపిస్తాయి. త్వరగా దొరికేవి కొంటాం, అవసరమైనవి కొనలేం. టిప్పులు, గ్లవ్స్, ఫిల్టర్లు. అది చూసి బాధపడని సైంటిస్టు నాకు తారసపడలేదు.

ఇంతా చెప్పి, ప్రభుత్వం ఏమీ చేయలేదంటే అది అబద్ధమవుతుంది. 2008 నాటి సెర్బ్ (పరిశోధనలకు డబ్బిచ్చే సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు) చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం చేసింది. 2024 ఫిబ్రవరి 5 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఐదేళ్లలో 50,000 కోట్లు అన్నప్పుడు మా క్యాంటీన్‌లో ఆ పూట వేరే మాట లేదు. యువ సైంటిస్టులకు ప్రధానమంత్రి పేరిట గ్రాంటు పెట్టారు. ల్యాబ్ కొత్తగా మొదలుపెట్టిన మా జూనియర్లకు అది నిజంగా ఊపిరి. 2025 జూన్‌లో కొనుగోలు నిబంధనలు సడలించారు. సైంటిఫిక్ పరికరాలు, రసాయనాలు ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ బయట కొనే అధికారం డైరెక్టర్లకు ఇచ్చారు, నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలకు పెరిగింది. దాని తేడా నేను కళ్లారా చూశాను. నెలన్నర పట్టే ఒక ఎంజైమ్ ఆర్డరు పది రోజుల్లో వెళ్లింది.

2024 జూలై సంగతీ మీకు గుర్తుండాలి. ఆ నెల 23న ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో ల్యాబ్ రసాయనాల మీద కస్టమ్స్ సుంకం 10 శాతం నుంచి 150 శాతానికి పెరిగింది. మాకు సరుకిచ్చే అబ్బాయి ఫోన్ చేసి, “మేడం, మీ ఆర్డర్ ఆపమంటారా?” అని అడిగాడు. దేశమంతటా సైంటిస్టులు మొరపెట్టుకున్నారు. ఆగస్టు మొదటికల్లా పరిశోధనకు వాడే రసాయనాలకు మళ్లీ 10 శాతమే అన్నారు. పెద్ద తప్పు పదిరోజుల లోపే సరిదిద్దారు. అడిగితే వింటారన్న నమ్మకం నాకు అక్కడే కలిగింది. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ నమ్మకంతోనే.

ఇప్పుడు పిల్లల సంగతి. పీహెచ్‌డీ విద్యార్థులకు నెలనెలా ఇచ్చే జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000, పైన ఇంటి అద్దె భత్యం. హబ్సిగూడలోనో నాచారంలోనో గది తీసుకుని, ఇంటికి కాస్త పంపి, బతకొచ్చు. కానీ అది నెలనెలా పడితేనే. మా ల్యాబ్‌లో ఒక అబ్బాయిది సూర్యాపేట దగ్గర ఊరు. తండ్రి లేడు. ఐదు నెలలు ఫెలోషిప్ పడలేదు. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం అందరూ తింటుంటే కల్చర్ రూమ్‌లో కూర్చుని సెల్స్ చూసుకుంటున్నాడు. మరుసటి రోజూ అంతే. మూడో రోజు పిలిచి అడిగితే, అద్దె కోసం వాళ్లమ్మ గాజులు తాకట్టు పెట్టిందని చెప్పాడు. చెప్పేటప్పుడు తల ఎత్తలేదు. ఊళ్లో, “పీహెచ్‌డీ అంటే గవర్నమెంటే జీతమిస్తదంటివి గదరా” అని అడుగుతున్నారట. నెట్ పరీక్షలో దేశవ్యాప్తంగా పోటీపడి నెగ్గిన కుర్రాడు వాడు. ఆర్నెల్లకు డబ్బు మొత్తం ఒకేసారి పడింది. గాజులు విడిపించారు. కానీ పీహెచ్‌డీ అయ్యాక పరిశోధనలో ఉండనని నాకు చెప్పేశాడు. కోడింగ్ నేర్చుకుంటున్నాడు. వాడిది తప్పని నేను అనలేను.

ఇంకో అమ్మాయి ఉంది. నా మొదటి పీహెచ్‌డీ విద్యార్థిని, ఇప్పుడు అమెరికాలో పోస్ట్‌డాక్. అక్కడ కూడా నేల కదులుతోంది. 2025లో అక్కడ వైద్య పరిశోధనలకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ ఎన్నో గ్రాంటుల్ని మధ్యలో రద్దుచేసింది. ఆ ఏడాది మే 1న, విదేశీ సంస్థలకు సబ్‌అవార్డు రూపంలో, అంటే అక్కడి గ్రాంటులో వాటాగా, వెళ్లే డబ్బును కొత్త పద్ధతి వచ్చేదాకా ఆపుతున్నట్టు ప్రకటించింది. హైదరాబాద్‌తో సహా మన ల్యాబులకు అక్కడి నుంచి వచ్చే ఒక చిన్న పాయ సన్నబడింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఒకరోజు తెల్లవారి ఐదింటికి ఫోన్ మోగింది. “మేడం, వచ్చేయనా?” అంది. అంతే అడిగింది. పదేళ్ల క్రితమైతే రమ్మని గట్టిగా చెప్పేదాన్ని.

రావాలంటే ఆమె దరఖాస్తు పెట్టేది రామలింగస్వామి ఫెలోషిప్‌కు. విదేశాల్లో ఉన్న మన సైంటిస్టుల్ని వెనక్కి తేవడానికి బయోటెక్నాలజీ విభాగం ఇచ్చేది. ఐదేళ్లు. ఆ పేరు మనదే. వులిమిరి రామలింగస్వామి శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి (ఐసీఎంఆర్) డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1956లో ఆయన బృందం హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఉప్పులో అయోడిన్ కలిపి గళగండం మీద ఒక అధ్యయనం మొదలుపెట్టింది. కొన్ని ఊళ్లకు అయోడిన్ ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు. ఏళ్లకేళ్లు అలాగే సరఫరా చేస్తూ, పిల్లల గొంతులు తడిమి చూస్తూ పోయారు. జాతీయ గాయిటర్ (గళగండం) నివారణ కార్యక్రమం 1962లో మొదలైంది. ఇవాళ మీ ఇంటి వంటగదిలో ఉన్న ఉప్పు ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉంటుంది చూడండి, దాని వెనక ఆ లోయ ఉంది. రెండో ఏడాది ఉప్పు లారీ ఏడు నెలలు ఆగి ఉంటే ఆ అధ్యయనం నిలిచేదా?

మన తార్నాకలోనూ అలాంటి కథ ఉంది. 1918లో కూనూరులో పుట్టిన జాతీయ పోషకాహార సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. విటమిన్ ఎ పెద్ద మోతాదులో ఆరు నెలలకోసారి వేస్తే పిల్లల కళ్లు నిలుస్తాయన్నది ఆ సంస్థ సైంటిస్టులు ఇక్కడి పిల్లల్లో తేల్చాక, 1970లో అది దేశమంతటి కార్యక్రమం అయింది. అంగన్‌వాడీలో చెంచాతో పోసే ఆ సిరప్ మీ పిల్లలూ తాగే ఉంటారు.

ఇక లక్ష కోట్ల మాట. పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల నిధికి కేంద్ర మంత్రివర్గం 2025 జూలైలో ఆమోదం తెలిపింది, నవంబరులో ప్రధాని దాన్ని ప్రారంభించారు. మీలో చాలామంది సభల్లో దీని గురించి గర్వంగా మాట్లాడారు. గర్వించదగ్గదే. అయితే అది ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక రుణం. అప్పటికే ఒక దశ దాటి, పనిచేస్తుందని చూపించగలిగిన టెక్నాలజీకి అది అందుతుంది. మన బయోటెక్ కంపెనీలున్న జీనోమ్ వ్యాలీకి అది కావాల్సిందే. మా ఎలుకలకు మాత్రం అది పనికిరాదు. కాలేయంలో ఏం జరుగుతుందో ఇంకా తెలియని దశలో అప్పు తీసుకుని, ఏం అమ్మి తీర్చాలి?

మాలాంటి ల్యాబులు, అలాంటి కంపెనీలు, ఈ రెండూ ఎలా అతుక్కుని ఉంటాయో మన ఊరే చూపించింది. శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తొలి స్వదేశీ రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా తెచ్చింది. దాని తొలి పని ఉస్మానియాలో, ఆ తర్వాత సీసీఎంబీలో (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) సాగింది. అప్పటికి సీసీఎంబీ మొదలై ఇరవై ఏళ్లు. శాస్త్రవేత్త పుష్పమిత్ర భార్గవ 1977లో దాన్ని మొదలుపెట్టినప్పుడు రేపు ఒక టీకా కంపెనీకి చోటిస్తామని ఎవరూ ప్రణాళిక రాసుకుని ఉండరు. బెంచీలు, చేయి తిరిగిన మనుషులు, నడుస్తున్న ఫ్రీజర్లు అక్కడ ముందే ఉన్నాయి కాబట్టి అడిగినవాడికి చోటు దొరికింది. అలాంటి చోటును నిలబెట్టేది అప్పు డబ్బు కాదు, ఏటా వేళకు వచ్చే గ్రాంటు డబ్బు.

అనుసంధాన్ ఫౌండేషన్ 50,000 కోట్లలో 36,000 కోట్లు ప్రభుత్వం బయటి నుంచి, అంటే పరిశ్రమల నుంచి, దాతల నుంచి రావాలని అంచనా వేశారు. వస్తే సంతోషం. ఎంత వచ్చిందో కూడా మీరు అడగాలి. దేశం మొత్తం పరిశోధన మీద పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గర ఉంది. చైనాలో అది రెండు శాతం దాటింది. ఈ అంకె పెరగాలని ప్రతి సైన్స్ సభలో అంటారు, నేనూ అంటాను. కానీ నా అనుభవంతో చెబుతున్నాను, ఇప్పుడున్న డబ్బే చెప్పిన నెలలో చేరితే, ఈ ఊళ్లోని ల్యాబుల్లో సగం కన్నీళ్లు ఆగుతాయి. దానికి ఖజానా నుంచి కొత్తగా ఒక్క రూపాయి అక్కర్లేదు.

పరిశోధన నిధుల గురించి సభలో ప్రశ్న వచ్చినప్పుడల్లా జవాబు కోట్లలో వస్తుంది. ఇన్ని ప్రాజెక్టులు, ఇన్ని కోట్లు మంజూరు. తేదీలు ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు. బడ్జెట్ సమావేశాల్లో శాస్త్ర సాంకేతిక శాఖల పద్దుల్ని స్థాయీ సంఘం పరిశీలిస్తుంది. అందులో మీలో ఎవరైనా ఉంటే అక్కడా అడగండి. లేదంటే రాతపూర్వక ప్రశ్నగా ఇవ్వండి. నేను రాసిపెట్టాను, మీకు నచ్చినట్టు దిద్దుకోండి:

“గత ఐదేళ్లలో కేంద్ర ప్రభుత్వ సంస్థలు మంజూరు చేసిన పరిశోధన ప్రాజెక్టులలో, కాగితాలు అందిన తేదీ నుంచి రెండో విడత, మూడో విడత డబ్బు చేరడానికి సగటున ఎన్ని రోజులు పట్టింది? సంస్థలవారీగా తెలపండి. జనవరి 1 తర్వాత విడుదలైన మొత్తం ఎంత, అందులో మార్చి 31న వెనక్కి వెళ్లినది ఎంత? ఫెలోషిప్ నెల రోజులకు మించి ఆలస్యమైన విద్యార్థులు ఎంతమంది?”

ఈ అంకెలు బయటికి వస్తే మిగతాది దానంతట అదే కదులుతుందని నా ఆశ. విద్యార్థుల ఫెలోషిప్‌ను రసాయనాల డబ్బుతో, యూసీలతో ముడిపెట్టకుండా విడిగా నెలనెలా వేయడం అసాధ్యమేమీ కాదు. పింఛన్లు వేస్తున్నారు కదా. ఆలస్యంగా విడుదల చేసిన డబ్బును మార్చి 31న లాగేసుకోకుండా ప్రాజెక్టు చివరిదాకా ఉంచడమూ అంతే. మిగిలితే అప్పుడు తీసుకోండి, పైసాతో సహా లెక్క చెబుతాం.

మా యానిమల్ హౌస్‌లో ఇప్పుడు కొత్త బ్యాచ్ ఉంది. వేరే గ్రాంటు, అదే ప్రశ్న. అదే అన్న కేజులు మారుస్తున్నాడు. నిన్న గురువారం తూకం వేశాం. పిల్లలకు ఐదు నెలలు నిండాయి, నలభై ఎనిమిది ఉన్నాయి, అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. రెండో విడత వాటికి పదకొండో నెల వచ్చేసరికి చేరాలి. కోల్డ్ రూమ్‌లో మేత పన్నెండో నెల దాకా ఉంది.

ఇట్లు,
హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఒక బయోమెడికల్ పరిశోధకురాలు